ఏసేపు బావ ఖాళీ బిందె

మా ఏసేపు బావ ఎంత అందమైన చోటునైనా మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, ఖాళీ బిందె పట్టుకుని చూస్తే తప్ప ఒప్పుకోడు. వానాకాలంలో చూసి మురిసిపోయేవాళ్ళంటే ఆయనకు మహా జాలి. "సెప్టెంబరులో మా డిపో ఎనకాల పెంటదిబ్బ గూడా ఊటీ మాదిరే ఉంటాదప్పా!" అంటాడు.

బావ ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రైవరు. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు మీదుగా నల్లమల ఘాట్‌లో బస్సు నడిపాడు. ఏ మలుపులో ఏ కొండ కనబడుతుందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో నోటికి వచ్చు. రిటైరయ్యాక ఆయన పేరు పాకింది. కొండలెక్కేవాళ్ళు, పిట్టల్ని చూసేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు, పట్నంలో విసిగి మంచి చోట ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళు ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు. అందరికీ టీ పోయించి, "మేలో రాండి" అని పంపించేస్తాడు.

మేలో వచ్చినవాళ్ళ గతి నేను కళ్ళారా చూశాను. నేను బడిపంతుల్ని. ఎండాకాలం సెలవులు ఇచ్చేది పంతుళ్ళు ఇంట్లో పడుకోవడానికి అని ఇరవై ఏళ్ళు నమ్మాను. బావ నన్ను వెంట లాక్కెళ్ళి ఆ నమ్మకం పోగొట్టాడు. ఆయన భార్య జీవమ్మ నాకు సొంత అక్క, కాబట్టి రానని చెప్పే ధైర్యం లేదు. గొడుగు తీసుకెళితే లాక్కుంటాడు. "గొడుగు కింద నుంచి చూస్తే కనబడేది గొడుగే సామేలూ!"

చోటుకు చేరగానే మడత కుర్చీ వేసుకుని, సొట్టలు పడిన ఆ స్టీలు బిందెను ఇల్లు కట్టుకోబోయే ఆయన చేతికిస్తాడు. "దగ్గర్లో యాడ నీళ్ళుంటే ఆడ నింపుకోని రా అప్పా. ముక్కాలు గంట టైము." పాపమని భార్య చెయ్యి చాపితే ఒప్పుకోడు. "నువ్వు కూచోమ్మా. మగోడు తేవల్ల."

కర్నూలు నుంచి వచ్చిన ఒక డాక్టరుగారు బిందెను చంకనెత్తుకుని కొండ దిగి, నేరుగా కారెక్కి ఇంటికి పోయాడు. నాలుగు రోజుల తర్వాత బిందె బస్సు పార్సిల్‌లో వచ్చింది. పిట్టల్ని చూసే ఇంకొకాయన, "ట్యాంకరు తెప్పించుకుంటాం లెండి" అన్నాడు. "ఆ ట్యాంకరోడు వచ్చేదాక నీ పిట్టలు ఏం తాగుతాయి సామీ?" అని అడిగాడు బావ. పన్నెండేళ్ళలో ఒక్క చోటు కూడా పాసు కాలేదు. బావ వస్తున్నాడంటే స్థలాల బ్రోకర్లు ఫోన్లు ఆపేసేవాళ్ళు.

ఇంత పరీక్షాధికారి ఉండేది ఎక్కడంటారా? నందికొట్కూరులో ఒక సందులో. కిటికీ తెరిస్తే బియ్యం మిల్లు గోడ.

"ఊరందరికీ చోట్లు ఎంచుతావు. నీకు మాత్రం గోడేనా బావా?" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "గోడైతే ఏమప్పా? కొళాయి పన్నెండడుగుల దూరం." అది ఒట్టి బద్ధకమని నేను తీర్మానించుకున్నాను.

పోయినేడు ఆ బిందె మా ఇంటికే వచ్చింది. మా అమ్మాయి స్తుతి, అల్లుడు జయకుమార్ బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తూ, ఆదివారమైతే తాళ్ళు కట్టుకుని బండలకు వేలాడతారు. అల్లుడికి ఇలాంటి అలవాటుందని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదేమిటా అని మొదట బాధపడ్డాను. తర్వాత తెలిసింది, అలవాటు చేసింది మా పిల్లేనని. ఇద్దరికీ ఇంటి నుంచే పని చేసుకునే వీలు దొరికింది. గండికోట దగ్గర పెన్నా లోయ అంచున ఒక స్థలాన్ని అక్టోబరులో చూసి మనసు పారేసుకున్నారు. ఎనిమిదేళ్ళు కూడబెట్టిందంతా దానికే. జూన్ మొదటి వారంలో రిజిస్ట్రేషను.

"మామ ఫెయిలంటే కొనము నాన్నా" అంది స్తుతి. అని, ఏడుపు మొహం పెట్టింది. "కానీ మామ ఎప్పుడైనా పాసన్నాడా?"

మే పదో తేదీ. ఎండకు బండలు కూడా కళ్ళు మూసుకున్నట్టున్నాయి. బ్రోకరు తిమ్మయ్య కూల్‌డ్రింకులతో వచ్చాడు. మేనకోడలి సంగతి కాబట్టి అక్క కూడా మొదటిసారి బయలుదేరింది. లోయ అంచుకు పోయి చూస్తే అడుగున పెన్న మెరుస్తోంది. బావ టోపీ తీసి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. హమ్మయ్య, పాసే అనుకున్నాను. అంతలో బిందె బయటికొచ్చింది.

జయకుమార్ నవ్వాడు. "కిందనే నది ఉంది కదా అంకుల్!"

"ఉండాది. తెచ్చుకో."

అల్లుడు తాడు కట్టుకుని వీరుడిలా దిగాడు. ముక్కాలు గంట అయింది. గంటన్నర అయింది. రెండు గంటలయ్యాక మోకాళ్ళు చెక్కుకుపోయి పైకొచ్చాడు. బిందెలో చెంబెడు నీళ్ళున్నాయి.

"శానా బాగుంటాది నాయనా ఇల్లు" అన్నాడు బావ. "పొద్దున్నే పండ్లు తోముకునేదానికి తాడు కట్టుకోని దిగితే సరి."

"బోరు ఏస్తే పోతాది కదన్నా!" అన్నాడు తిమ్మయ్య.

"ఈ బండలోనా? నువ్వే ఏసి చూపించు. నీళ్ళు పడితే నేనే కొంటా."

తిమ్మయ్య తన కూల్‌డ్రింకు తనే తాగేశాడు. స్తుతి మాత్రం ఊరుకోలేదు. "నీకు అందమైన చోట్లంటేనే కోపం మామా! అందుకే గోడకు ఎదురుగా కూచున్నావు!"

బావ కుర్చీ మడిచాడు. జవాబు అక్కే చెప్పింది.

"మీ మామకు కొండలంటే పిచ్చి పాపా. పెళ్ళైన కొత్తలో ఆత్మకూరు అవతల అడివి అంచున ఇల్లు తీసుకొన్యాడు. చూసింది ఆగస్టులో. ఇంటి ముందర వాగు. డిసెంబరుకు ఎండిపాయ. ఆయప్ప డ్యూటీకి పోతే మూడు దినాలకు ఒకతూరి వచ్చేది. నేను రెండు మైళ్ళు పోయి నీళ్ళు మోసుకొచ్చి, ఆయప్ప వచ్చేలోగా తొట్టి నింపేదాన్ని. పైన ఊట ఉండాదని అబద్ధం చెప్తి. అట్ల మూడు ఎండాకాలాలు."

"ఎందుకు చెప్పలేదత్తా?"

"పొద్దున్నే ఆ కొండను చూసి పాట పాడేటోడు. ఎట్ల చెప్తా?"

నాలుగో ఏడు మేలో చెయ్యి విరిగి బావ ఇంట్లో ఉన్నాడట. మధ్యాహ్నం రెండు గంటలకు అక్క నెత్తిన బిందెతో గుట్ట ఎక్కుతూ కనిపించిందట. ఆ వారంలోనే మిల్లు గోడ ఎదురుగా ఇల్లు మారాడు. ఆ సొట్టల బిందె అక్కదే. నా సొంత అక్క కథ నాకే తెలియదు. సిగ్గుతో తల దించుకున్నాను.

"ఎండకు మీ అత్తకు ఏందేందో గుర్తొస్తాండాది" అని బావ అటు తిరిగాడు. తిరిగినవాడు ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. "ఆ మేకలు చూడండి! ఈ ఎండకు పరిగెత్తుతాండాయి. మేక ఈ టైములో ఉత్తినే పరిగెత్తదు."

మేకల వెనక మేము, మా వెనక తిమ్మయ్య. మేకలు తోలే రామేశ్వరమ్మ మమ్మల్ని చూసి దొంగలనుకుని కర్రెత్తింది. సంగతి చెబితే చల్లబడింది. "ఊటకు పోతాండాయప్పా. మా అత్త కాలం నుంచి ఎండిందే లేదు." కొండ మడతలో, బండ కింద, చల్లటి నీళ్ళు. పక్కనే రామేశ్వరమ్మ చేను. పంట సరిగా రాదని అమ్మేయాలనుకుంటోంది. వెనక నిలువెత్తు బండలు చూసి అల్లుడు మోకాళ్ళ నొప్పి మరిచిపోయాడు. లోయకు నడిచిపోతే అరగంట.

బిందె మళ్ళీ అల్లుడి చేతికొచ్చింది. చేను మధ్య నుంచి ఊటకు పోయి, తిరిగి వచ్చాడు. బావ గడియారం చూశాడు. నాలుగు నిమిషాలు. బిందె నిండా నీళ్ళు.

బావ చేను చుట్టూ తిరిగాడు. ఆకాశం చూశాడు. నేల తన్ని చూశాడు. తప్పు దొరక్క గింజుకుంటున్నాడు. "ఊటకు కంచె ఏయకూడదు. మేకలు తాగల్ల" అన్నాడు.

"ఏయం మామా!"

"అయినా ఒక్క మే చాలదు. వచ్చే మేలో గూడా..."

అక్క లేచి వచ్చింది. అల్లుడి చేతిలో బిందె తీసుకుని బావ నెత్తిన కుమ్మరించింది. "పాసని చెప్పు!"

"పాసు!" అన్నాడు బావ, నీళ్ళు కారుతూ.

స్తుతి ఎగిరి ఆయన మెడ పట్టుకుంది. నేను ఈల వేశాను. పంతులు ఈల వేయకూడదని ఆ తర్వాత గుర్తొచ్చింది. కమిషను పోయిన తిమ్మయ్య కూడా చప్పట్లు కొట్టాడు.

"రెండిండ్లు కట్టించల్ల" అంది అక్క. "మనది ఆ పక్క. కిటికీ కొండకు పెట్టల్ల."

"పన్నెండడుగులు దాటుతాది గదనే!"

"దాటనీ. ఇంగ మోసేది నువ్వే."

ఇప్పుడు రెండిళ్ళూ లేచాయి. స్తుతి పైపు కూడా వేయించింది. అయినా బావ రోజూ ఒక బిందె మోసుకొస్తాడు, కొండను చూసి గొంతెత్తి పాడుకుంటూ. అక్క వాకిట్లో కూర్చుని, "తొణక్కుండా రా!" అని అరుస్తుంది.

ఈ మేలో నేను అక్కడికి గొడుగు వేసుకునే వెళ్ళాను. దారిలో బావ ఎదురయ్యాడు. గొడుగును కోపంగా చూశాడు గానీ లాక్కోలేకపోయాడు. రెండు చేతులతో బిందె పట్టుకుని ఉన్నాడు.