స్పెయిన్‌లో పొద్దు గూకలేదు

“నా కోసం ఇంకెవురితోనూ మాట్లాడొద్దులే అన్నా,” అంది ఆమె, స్పెయిన్ నుంచి వచ్చిన మొదటి శుక్రవారం ఒమన్‌లోని ఘుబ్రాలో మా ఇంటికొచ్చి.

కడప మనిషి. అల్ సువైక్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. సూర్యాస్తమయపు అజాన్‌తో డ్యూటీ ముగియాలని యజమానితో మాట్లాడి ఒప్పంద కాగితంలో రాయించింది నేనే. ఒమన్‌లో వేసవిలోనైనా ఏడింటికల్లా పొద్దు గూకుతుంది.

జూలైలో ఆమె బాబా అని పిలిచే యజమాని, కుటుంబంతో పాటు ఆమెనూ తీసుకుని స్పెయిన్ పల్లెల మీదుగా కారులో తిరిగాడు. రోజుకో ఊళ్లో బస, బస చేసినచోటల్లా వంట. ఆ దేశం పటంలో లండన్‌కు సూటిగా కింద ఉన్నా, గడియారం బెర్లిన్‌తో నడుస్తుంది. వేసవిలో దాదాపు పదింటిదాకా వెలుతురే.

“పొద్దున ఏడుకి గడియారం చూపించి లేపుతారు. రాత్రి తొమ్మిదికి పని చాలిస్తానంటే, పొద్దు యాడ గూకిందంటాడు బాబా. నువ్వు రాయించిన మాటే కదన్నా.”

ఆమె వద్దన్నా యజమానికి ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. కాగితం దాటి ఏమీ చేయలేదన్నాడు. పత్రికలో పనిచేస్తూ ఇన్నేళ్లూ ఇతరుల మాటల్లో లొసుగులు వెతికాను. నా వాక్యాన్ని నమ్మాను, ఆయన్నీ నమ్మాను.

ఇకపై కాగితంలో అజాన్ బదులు పని ముగిసే గంట రాయమని అడిగాను. చూద్దామన్నాడు. వచ్చే వేసవి ప్రయాణానికి ఆమె విమాన టికెట్ మాత్రం అప్పుడే కొనేశాడు.