మా నాయనమ్మ ముఖ్తార్‌నామా

నా చిన్నప్పుడు కొండాపూర్‌లో ఈ అద్దాల మేడలు లేవు. బండరాళ్లూ జొన్న చేలూ ఉండేవి. అందులో రెండెకరాలు మా నాయనమ్మ పేరు మీద ఉన్నాయి. మోకాళ్లు పట్టేసి గడప దాటడమే కష్టమయ్యాక, శిస్తు కట్టడానికీ బావికి కరెంటు తెప్పించడానికీ తన తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే అధికారం మా చిన్నాయనకు రాసిస్తానంది. అలాంటి కాగితాన్ని మా వైపు ముఖ్తార్‌నామా అంటారు.

చిన్నాయన వారం తిరక్కుండానే రాయించి తెచ్చాడు, సిరా డబ్బీతో సహా. నాయనమ్మకు చదువు రాదు. ఇంట్లో ఆయన కాక అక్షరాలు వచ్చింది నాలుగో తరగతిలో ఉన్న నాకే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదవమంది.

"పోరికేం సమజైతది అవ్వా, అది సర్కారు భాష. నువ్వు వేలుముద్ర ఎయ్యి," అన్నాడు చిన్నాయన.

నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. రెండో పేజీలో 'విక్రయించుటకు' అన్న మాట దగ్గర ఆగాను. దాని అర్థం నాకు తెలుసు, ఊళ్లో అప్పటికే ప్లాట్ల బోర్డులు లేచాయి. తలెత్తితే చిన్నాయన గుడ్లురిమి చూస్తున్నాడు. భయమేసి ఆ వరుస మింగేసి కింది వరుస అందుకున్నాను.

నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ వేలు ఒక వరుస దుంకింది బిడ్డా. జర అది చదువు."

వేలు వెనక్కి జరిపి చదివాను. భూమిని అమ్మే హక్కు కూడా చిన్నాయనకు ఇచ్చినట్టు ఉంది అందులో.

ఆమె సిరా డబ్బీకి మూత పెట్టి కొడుకు ముందుకు తోసింది. "కాళ్లు పోయినయ్ గానీ తెలివి పోలేదురా. అమ్ముడు మాట తీసెయ్యి. నేను వద్దన్ననాడు ఈ కాగితం చెల్లదని రాయించుకొని రా. లేకుంటే మంచం మీద మోయించుకొనైనా ఆఫీసుకు నేనే పోత."

చిన్నాయన రెండు రోజులు అలిగి, చివరికి ఆమె చెప్పినట్టే రాయించాడు. ఆమె నా చేత రెండుసార్లు చదివించుకుని అప్పుడు వేలుముద్ర వేసింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

మొన్న కంటి ఆపరేషన్‌కు ముందు, నా పనులు చూసుకోమని మేనకోడలికి అలాంటి కాగితమే రాసిచ్చాను. "అందరికి ఇదే ఫార్మాట్ మేడం, సైన్ చేసెయ్యండి," అన్నాడు వకీలు దగ్గరి గుమాస్తా. వెనక నలుగురు విసుక్కుంటున్నా ప్రతి వరుసా పైకి చదివాను. నచ్చనివి కొట్టించాను. మేనకోడలు కాస్త చిన్నబుచ్చుకుంది. చిన్నబుచ్చుకోనీ. ఒకరి చూపుకు భయపడి వరుస మింగడం నా బతుకులో ఆ ఒక్కసారే.