రొట్టెల తాత సిమ్

మంచు కురుస్తుండగా కాశ్మీరులోని మా పోస్టుకు చేరాను. కింద లోయలో ఊరు, ఊరికి ఒకటే రోడ్డు. రోజూ వేకువనే ఆ రోడ్డు వెంట మందుపాతరలు వెతకడం మా పని. ఒంటి మీద బరువైన కవచం, చేతిలో రైఫిలు. రాజోలు కాలవగట్టు మీద పెరిగినవాణ్ణి, మొదటి వారం చలికి నా వేళ్ళు వంగలేదు.

ఊరి మొదట్లో ఒక ముసలాయన రొట్టెల కొట్టు ఉండేది. మేం తిరిగొచ్చే వేళకు వేడి రొట్టెలు పొట్లం కట్టి ఉంచేవాడు.

మంచు కరిగాక ఆ రోడ్డు మీదే బాంబు పేలి మా డ్రైవరు పోయాడు. ఎవడో దూరం నుంచి సెల్‌ఫోనుతో పేల్చాడని తేలింది. మా రేడియో ఆపరేటరు రామచంద్రపురం వాడు. హెడ్‌సెట్ తీసి నాతో అన్నాడు.

"ఆ ఫోను సిమ్ ఎవరి పేరు మీదుందో తెలిసిందండి. మన రొట్టెల తాతదేనండి."

పోలీసులకు తోడుగా మేం వెళ్ళాం. చలికాలం కొట్లో పిండి పిసికిన పనివాడికి కాగితాలు లేవట. పాపం ఇంటికి మాట్లాడుకుంటాడని ముసలాయన తన పేరు మీద సిమ్ తీసి ఇచ్చాడు. వాడు దాంతో మాయమయ్యాడు.

"తెలిసి ఇచ్చావో తెలియక ఇచ్చావో కోర్టు తేలుస్తుంది. సంతకం నీదే" అన్నాడు పోలీసు అధికారి.

ముసలాయన జీపెక్కబోతూ, రోజూలాగే కట్టి ఉంచిన పొట్లం నా చేతిలో పెట్టాడు. డ్రైవరు గుర్తొచ్చి కోపం వచ్చింది, అయినా పొట్లం తీసుకున్నాను. ఆ రొట్టెలు ఎవరమూ తినలేదు. నేను ఆ పోస్టు విడిచే నాటికి ఆయనకు బెయిలు రాలేదు.

సెలవు మీద వచ్చి మురమళ్ళలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. బావగారి రొయ్యల చెరువు గట్టు మీద, ఒడిశా నుంచి వచ్చిన కాపలాదారు ఫోనులో మాట్లాడుతున్నాడు.

"కాగితాల్లేవంటే నా పేరు మీదే సిమ్ తీసేనండి. అన్నం పెట్టేవోణ్ణి, ఫోను ఇవ్వలేనా అండి?" అన్నారు బావగారు.

జరిగిందంతా చెప్పాను. "మీరు మంచివారని కోర్టుకేం తెలుసు బావగారూ? అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాను.

ఆయన కాపలాదారుని చేత్తో పిలిచారు. "ఆయ్. ఆపించేద్దామండి."

కాపలాదారు ఏ తప్పూ చేయలేదు. బావగారు సిమ్ ఇచ్చేయమంటే, వాళ్ళమ్మ ఆ నంబరుకే ఫోను చేస్తుందని మాత్రం అన్నాడు. ఫోను విప్పి, సిమ్ తీసి నా అరచేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. ఆ రోజు రొట్టెల పొట్లం కూడా పోస్టుకు చేరేదాకా వెచ్చగానే ఉంది.