ఖాసిం భాయి చూసిన చెయ్యి

దెయ్యాల కబుర్లు మొదలైతే చెప్పులు తొడుక్కుని లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరేమనుకున్నా సరే.

మాది మునగపాక. చెరకు రైతును. కిడ్నీలు రెండూ పాడయ్యాక అనకాపల్లి వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాణ్ణి. మా ఆవిడ తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలు జరుగుతున్నాయి. అంతవరకూ నన్ను బతికించాల్సింది ఎడమ చేతిలోని ఫిస్టులా. అంటే, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. అక్కడ వేలు పెడితే లోపల జుమ్మని మోగుతూ ఉంటుంది. మోత ఆగిందంటే రక్తం గడ్డకట్టినట్టే. కుడి చేతిది అప్పటికే పాడైపోయింది. ఇదీ పోతే నా గతేమిటని భయపడుతూ బతికేవాణ్ణి.

డయాలసిస్‌లో నా పక్క మంచం ఖాసిం భాయిది. అనకాపల్లిలోనే దర్జీ. కొట్లోంచి నేరుగా వచ్చేవాడు. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు, సన్న గుంటలతో ఉంటుందే, అది తీయడం ఎప్పుడూ మరిచిపోయేవాడు. రాగానే నా చెయ్యి పట్టుకుని మోత చూసేవాడు. ఆ ఇత్తడి చల్లగా తగిలేది.

“మిసను ఆడతంది బావా. బెంగెట్టుకోకు” అనేవాడు.

“మరి నీదేటి భాయ్?” అంటే, “నాది పాత మిసను. నూనెయ్యాలి” అని నవ్వేవాడు.

కార్తీకంలో ఆయన గుండె ఆగి పోయాడు. కబరస్తానుకు వెళ్లి నా చేత్తోనే మట్టి వేసి వచ్చాను. సొంత అన్న పోయినట్టే ఏడ్చాను.

తర్వాత బెల్లం వంట రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నీరసంగా ఉంటే, బెల్లం పొయ్యి దగ్గర వెచ్చగా ఉందని దుప్పటి పరుచుకుని పడుకున్నాను. ఫిస్టులా ఉన్న చేతి మీద బరువు పడకూడదని డాక్టరు చెబుతూనే ఉన్నారు. నిద్రలో దాన్నే తలకింద పెట్టుకున్నాను.

ఎవరో ఆ చెయ్యి లాగారు. మణికట్టు పైన వేళ్లు ఆనాయి. అందులో ఒకటి చల్లగా ఉంది. కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. పనివాళ్లంతా భోజనాలకు వెళ్లారు. అలవాటుగా వేలు పెట్టి చూసుకున్నాను. మోత లేదు.

కేకేస్తే మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. నా చెయ్యి చూసి, “ఈ సుక్కలేటండీ?” అంది. చర్మం మీద గోరంత మేర, వరసగా సన్న చుక్కల అచ్చు. చెరకు పిప్పి గుచ్చుకుందనుకుందామంటే, నేను పడుకున్నది మెత్తటి దుప్పటి మీద.

ఆటోలో అనకాపల్లి, అక్కణ్ణుంచి విశాఖ పరుగెత్తాం. గడ్డ తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఫిస్టులా దక్కేది కాదన్నారు. మోత మళ్లీ వేలికి తగిలినప్పుడు ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు మా ఆవిడ కిడ్నీ నాలో పనిచేస్తోంది. సూదుల అవసరం లేదు. చేతిలో మోత మాత్రం అలాగే ఉంది. అదంతా నిద్రలో మనసు చేసిన పని అన్నారు డాక్టరు. అయ్యుండొచ్చు. ఆ చుక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం నాకు తెలియదు.

రోజూ పొద్దున్నే మోత చూసుకుంటాను. చూసుకున్నాక ఎడమ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోను. ఒకప్పుడు భాయికి చాపినట్టు కాసేపు అలాగే చాపి ఉంచుతాను.