గోడ మీదికి ఒక ఫోటో

చివరిరోజు మధ్యాహ్నం దుర్గారావు బావ కెమెరా బ్యాటరీని చార్జరుకి తగిలించి, స్విచ్ వెయ్యడం మరిచిపోయాడు. సగం తాగిన టీ గ్లాసు కిటికీలో పెట్టి, ఫోన్లో ఎవరికో ఇంజను నాజిల్ సంగతి చెబుతూనే చెప్పులు వేసుకుని బండెక్కాడు. సాయంత్రం ఆటోనగర్ షెడ్డులో పడవ ఇంజను ముందు వంగినవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. యాభై రెండేళ్లు.

ఆయన మా అక్క రాణి భర్త. నాకు బావ, ఆయనా నన్ను బావ అనే పిలిచేవాడు. వేటకెళ్లే ఇంట్లో పుట్టి, సముద్రం కన్నా ఇంజన్ల మీద మనసుపడి మెకానిక్ అయ్యాడు. ఆయన కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. అన్నం తింటున్నా ఒక కాలు గుమ్మం వైపే ఉండేది.

అలాంటి మనిషి కెమెరా పట్టడానికి ఒకటే కారణం, వాళ్ల నాన్న ఫోటో. పెద్దాయన పోయినప్పుడు ఇంట్లో దొరికింది మత్స్యకారుల గుర్తింపు కార్డు ఒక్కటే. స్టూడియోవాళ్లు ఆ బొమ్మనే పెద్దది చేశారు. చెంప మీది స్టాంపు సిరాని చెరపబోయి పుట్టుమచ్చని కూడా చెరిపేశారు. పెద్దకర్మనాడు దానికి దండ వేస్తూ బావ అన్నాడు: "ఈ గోడ మీదున్నోడు మా నాన్న కాడు బావ. అమ్మకి మాత్రం ఇలగ అవ్వనివ్వను."

ఆ నెలలోనే ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి కొన్నాడు.

బావ వాళ్లమ్మ పోతమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. మా ఇళ్లలో పెద్దవాళ్లని కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టి ఫోటో తీస్తే అది దేనికో అందరికీ తెలుసు. బావ కెమెరా ఎత్తగానే ఆవిడ గంప అడ్డం పెట్టుకునేది.

"నాను బతికుండగానే గోడెక్కించీస్తావేట్రా?"

"నేదే అమ్మా, ఊరికే సూసుకోడానికి."

"నన్ను సూడ్డానికి నీకు డబ్బా కావాలేటి? పో, ఐసు పట్రా!"

ఇక పనిలో ఉండగా పట్టుకోవాల్సిందే. చేపల వేలం తెల్లవారుజామున. వెలుతురు తక్కువ, ఆవిడ చేతులు ఆగవు. వారాల తరబడి బావకి దొరికినవి ముఖం లేని మసకలు. అప్పుడు మొదలుపెట్టాడు నేర్చుకోవడం. తను నేర్చుకున్నది ఎదురుగా ఒకడికి చెబితేగాని ఆయనకి నిలిచేది కాదు. ఆ ఒకణ్ణి నేను.

"సూడు బావ. అపర్చరంటే డీజిలొచ్చే కన్నంలాటిది. ఇక్కడ వెలుతురొత్తాది. నంబరు తగ్గితే కన్నం పెద్దది, తిరకాసు లెక్క. షట్టర్ స్పీడంటే ఎంతసేపు తెరిసుంచుతావన్నది. అమ్మ సెయ్యి ఆగాలంటే సెకన్లో అయిదొందలో వొంతు. అంత బేగి మూసీస్తే వెలుతురు సాల్దు. అప్పుడు ఐఎస్ఓ పెంచాల, ఉన్న కాసింత వెలుతుర్నే ఎక్కువ సేసి సూపిత్తాది."

"పెంచితే?"

"లోడెక్కువైతే ఇంజను పొగ కక్కుద్ది కదా, అలగ బొమ్మంతా ఇసకేసినట్టుంటాది. ఉండనీ. మనిషి కనపడితే సాలు."

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున పోతమ్మ దొరికింది. వంజరం గంప దగ్గర ఎవరితోనో గొడవపడి, గెలిచి, నోరంతా తెరిచి నవ్వింది. ఫోటో నిండా బావ చెప్పిన ఇసకే. అయినా ఒక్కో ముడతా లెక్కపెట్టొచ్చు. తెర మీద చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసింది. "ఇదెవులురా, మా యమ్మలాగున్నాది" అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం జెట్టీ దగ్గర కెమెరా నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వు తియ్యి." ఎదురుగా ఉన్నది ఆయనే కాబట్టి ఆయన్నే తీశాను. నేను షట్టర్‌ని సెకన్లో పదిహేనో వంతులోనే ఉంచేశాను. ఆయన వల దాటుతూ, సిగరెట్ వెతుకుతూ, ఎవరినో కేకేస్తూ తిరుగుతున్నాడు. ప్రతి ఫోటోలోనూ ఒక గళ్లచొక్కా సాగిపోయి ఉంది.

"నిలబడు బావా!"

"నిలబడినోణ్ణి ఎవుడైనా తీత్తాడు. కదిలినోణ్ణి పట్టు!"

ఒక్కసారి మాత్రం, ఏదో పడవ హారన్ కొడితే అటు తిరిగి క్షణం ఆగాడు. నొక్కాను. ఫోకస్ ఆయన మీద పడలేదు, వెనకున్న మోకు మీద పడింది. మోకు ఒక్కో పోగూ కనిపించింది. బావ ముఖం కొంచెం మసకబారింది, అంతే.

"మోకు బాగొచ్చింది బావ. దీనికి సమ్మందం సూద్దాం" అని పగలబడి నవ్వాడు. "సెరిపీయ్, సెరిపీయ్. కార్డు నిండిపోద్ది."

నలభై ఫోటోలూ చెరిపేశాను. బ్యాటరీ కూడా అప్పటికి అయిపోవచ్చింది. మూడో రోజు ఆయన పోయాడు.

"మీ బావది ఒక్కటైనా నేదా తమ్ముడా?" అంది అక్క. "పెళ్లినాటిదొద్దు. నిన్నా మొన్నటి మనిషి కావాల."

ఫోన్లన్నీ వెతికాను. ఒక పెళ్లిలో వీపు. ఒక గుంపులో చెవి. మిగతా ఫోటోలన్నీ ఆయన తీసినవే. బ్యాటరీకి స్విచ్ వేసి, కెమెరా తెరిస్తే పోతమ్మ, పడవలు, మళ్లీ పోతమ్మ. పదకొండో రోజు దగ్గరికొచ్చేస్తోంది. చివరికి డ్రైవింగ్ లైసెన్సు మీది బొమ్మనే పెద్దది చేయించాం. పోతమ్మ దాని ముందు నిలబడి, "ఎవుడో ఒకడికి నా కొడుకు సొక్కా తొడిగినారు" అని లోపలికెళ్లిపోయింది.

పెద్దకర్మనాడు నాకు ఒకచోట కాలు నిలవలేదు. చేతికి పని కావాలి. బావ కెమెరా తీసుకుని వచ్చినవాళ్లందరినీ తీశాను, పిండాలు, వంటలు, ఇంటికొచ్చిన కాకుల్ని కూడా. కార్డు ఇంక పట్టదని కెమెరా చెప్పేదాకా తీశాను. అన్నీ చక్కగా వచ్చాయి.

నెల తర్వాత పోతమ్మ ఫోటో ప్రింటు వేయించడానికి మల్కాపురంలో ఉదయ్‌కుమార్ స్టూడియోకి వెళ్లాను. మాటల్లో ఆ జెట్టీ ఫోటో చెరిపేసిన సంగతి చెప్పాను. ముఖం మసకగా ఉన్నా ఇప్పుడు అది చాలునన్నాను.

అతను కెమెరా మెమరీ కార్డు తిప్పి చూశాడు. "సెరిపీసినాక దీంట్లో మరింకేటైనా తీసినారా సార్?"

"నిండిపోయేదాకా."

అతను కార్డు నా చేతిలో పెట్టేశాడు. చెరిపేసిన ఫోటో వెంటనే పోదట. దాని చోట కొత్తది పడేదాకా కార్డులోనే ఉంటుందట.