గడపకు పసుపు రంగు

ఈ రోజు డోన్‌లో మా ఇంటికి రంగులు వేయించాం. పెయింటర్ మస్తాన్ గోడలు ముగించి డబ్బాలు సర్దుకుంటుంటే, అమ్మ మెల్లగా అడిగింది.

"గడపకు పసుపు పెయింటు ఎయ్యప్పా."

"ఎందుకమ్మా? శుక్రవారం నువ్వే పసుపు పూస్తావు కదా?" అన్నాను నేను.

"ఆయప్ప పోయినాక నేను పూయకూడదంట. గడప బోసిగా ఉండాది, సూడలేకుండా ఉండా."

నాన్న పోయి ఎనిమిది నెలలు. రోజూ ఆ గడప దాటుతున్నా నేను గమనించనే లేదు. పసుపు గిన్నె తెచ్చి, "నువ్వే పూయమ్మా" అన్నాను. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దు నాయనా, ఇంటికి మంచిది కాదు."

చివరికి మస్తానే పెయింటు వేశాడు. ఆరేదాకా అమ్మ పక్కనే కూర్చుంది.

ముప్పై ఏళ్లు ఆ చేతులు పూసిన పసుపు ఇంటికి మంచిదే అయింది. ఇప్పుడెలా చెడ్డదవుతుంది? అమ్మకు నేను చెప్పలేకపోయాను. మీరైతే ఏమని చెప్పేవారు?