చక్రాలు కడిగించిన మేస్త్రీ

జమ్మలమడుగు బస్టాండులో టీ తాగుతుంటే తెలిసింది, ప్రొద్దుటూరు పారిశుద్ధ్యం మేస్త్రీ పోయాడని. నేను నడిపే పులివెందుల బస్సు అప్పటికే నిండింది. టికెట్లు కొన్నవాళ్ళను దించేసి పోలేను కదా. సమాధి చేసే వేళకు అందలేకపోయాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

బస్సు డ్రైవరును కాకముందు ప్రొద్దుటూరులో చెత్త లారీ నడిపాను. అంతవరకూ చెత్తంతా ఎద్దుల బండ్లలో పోయేది. కొత్త లారీ, కొత్త డ్రైవరు, నా పొగరు చెప్పనలవి కాదు. చెత్తదిబ్బ ఊరి బయట నల్లరేగడి నేలలో ఉండేది. దానికి పల్లంలో మేస్త్రీ వాళ్ళ పాలెం. పాలెమంతటికీ ఒకటే మంచినీళ్ళ బావి, లారీ పోయే దారి పక్కనే.

ఆ బావి చెడకుండా ఆయన చేసిన ఏర్పాటు ఏ ఇంజనీరూ చెప్పింది కాదు. గనుల దగ్గర పారేసిన నాపరాతి ముక్కలు తెచ్చి, దిబ్బ నుంచి బయటికొచ్చే దారిలో నిలువుగా పాతించాడు. లారీ వాటి మీద దడదడలాడితే చక్రాల బురద రాలిపోయేది. మిగిలింది అక్కడే కడగాలి. ఆ నీళ్ళూ, దిబ్బ మీది వాననీళ్ళూ కాలువ వెంట ఒక గుంటలోకి చేరేవి. గుంటకు పల్లం వైపు మట్టికట్ట. అడుగున దిగిన మడ్డిని ఆయనే పారతో ఎత్తిపోసేవాడు.

"ఏంది మామా, చెత్తబండికి స్నానమా?" అనేవాణ్ణి.

"పెండ్లికొడుకును చేస్తాండాలే, దిగు" అనేవాడు, నవ్వకుండా. "దిబ్బకు పోయి రావల్లప్పా, దిబ్బను ఎంట తీసుకొని రాగూడదు."

ఒకనాడు జడివాన. రాళ్ళ మీద ఎగిరితే స్ప్రింగులు పోతాయని లారీని కట్ట మీదుగా తోలాను. కట్ట తెగింది. గుంటలోని నల్లనీళ్ళు పాలెం వైపు పారడం చూశాను. చూసి కూడా షెడ్డుకు పోయి అన్నం తిన్నాను.

పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. పైవాళ్ళకు చెప్పలేదు, నన్ను తిట్టలేదు. "బాయి చెడిపాయ, రా" అన్నాడంతే.

పొద్దుగూకేదాకా ఆయన బావిలో దిగి మడ్డి తోడుతుంటే నేను బక్కెట్లు చేదాను. పెన్నకు నీళ్ళకు పోతున్న ఒకామె ఆగి, "మా బిడ్డలు ఏం తాగల్లప్పా?" అని అడిగింది. నేను ఇంకో బక్కెట్టు చేదాను.

బావిలో బ్లీచింగు మందు కలిపి, మేస్త్రీ మూడు దినాలు ఎవరినీ తాగనివ్వలేదు. ఆ తర్వాత నన్ను పిలిపించాడు. చెంబుతో నీళ్ళు తీసి, ఎండకు పట్టి చూసి, సగం తాగి, మిగతా సగం నా చేతికిచ్చాడు. మా ఇంట్లో పాలెం నీళ్ళు ముట్టరని ఆయనకు తెలుసు.

"తాగప్పా. వీండ్లు దినామూ తాగేది ఇవే."

తాగాను. చెంబు ఖాళీ అయ్యేవరకూ ఆయన నా గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాతే వెనక్కి తిరిగి, కాచుకొనున్న ఆడవాళ్ళను బావిలోకి కడవలు దించుకోమన్నాడు.